ఇక్కడ రుమాలు

గోవిందలంక స్త్రీ పునర్వివాహ ప్రోత్సాహక సమాజం పుట్టి పద్నాలుగేళ్లయింది. ఈ పద్నాలుగేళ్లలో సమాజం పద్నాలుగు వార్షికోత్సవాలు జరిపింది, మూడు వందల పదహారు తీర్మానాలు చేసింది, ఒక హార్మోనియం కొన్నది. పునర్వివాహం మాత్రం ఒక్కటీ చేయలేదు. అంతమాత్రాన సమాజాన్ని ఆడిపోసుకోవడం అన్యాయం. ఏటా ఇరవైకి పైగా తీర్మానాలు చేసేవాళ్లకి మళ్లీ పెళ్లిళ్లు కూడా చేసే తీరిక ఎక్కడుంటుంది చెప్పండి!

ఈ తీర్మానాలన్నీ పుస్తకంలోకి ఎక్కించే గుమాస్తా పేరు భీమశంకరం. ఇరవై ఎనిమిదేళ్లవాడు. వెనకా ముందూ ఎవరూ లేరు. దస్తూరీ కోడి కెలికినట్టుంటుంది గాని చెయ్యి మాత్రం మహా వేగం. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అతను తీర్మానాల పుస్తకం చంకన పెట్టుకుని అధ్యక్షులవారి ఇంటికి వెళ్లి సంతకం పెట్టించుకొస్తాడు. అక్కడ వాకిట్లో కూర్చోగానే తలుపు వెనక నుంచి ఒక చెయ్యి మజ్జిగ గ్లాసు ముందుకి జరుపుతుంది. ఐదేళ్లుగా ఆ మజ్జిగ తాగుతున్నా ఆ మనిషి ముఖం అతను చూడలేదు.

అధ్యక్షులు రావుబహద్దూర్ నరసింగరావు పంతులుగారు సబ్ జడ్జీ చేసి రిటైరయ్యారు. ఉపన్యాసం మొదలెడితే పక్క వీధిలో పాలు పిండేవాళ్లు కూడా ఆగి వినేవారు. ఆ ఉపన్యాసాల కాగితాలు గుండ్రని అక్షరాలతో చూడముచ్చటగా ఉండేవి. పక్కన ఖాళీ జాగాలో 'ఇక్కడ ఆగవలెను', 'ఇక్కడ గొంతు పెంచవలెను' అని చిన్న చిన్న సూచనలు కూడా ఉండేవి. చివరి పేజీలో ఏటా ఒకే వాక్యం వచ్చేది. "చీకటి గదిలో గోడకేసి చూస్తూ తన పేరు తానే మరచిపోతున్న ఆ బాలిక ఎవరి బిడ్డ?" దాని పక్కన 'ఇక్కడ రుమాలు' అని ఉండేది. పంతులుగారు జేబులోంచి రుమాలు తీసేవారు. సభ అంతా ముక్కులు ఎగబీల్చేది. భీమశంకరం పుస్తకంలో, "ఇచ్చట అధ్యక్షులవారు కన్నీరు కార్చిరి" అని రాసేవాడు.

సమాజానికి కాలవగట్టున రెండంతస్తుల మేడ ఉంది. కింద చదరంగం బల్లలు, మద్రాసు పత్రికలు, నాలుగింటికి ఘుమఘుమలాడే కాఫీ. వెనక బాడ్మింటన్ కోర్టు. సాయంత్రమైతే ఊళ్లో పెద్దమనుషులంతా సంస్కరణ కోసం అక్కడికి చేరేవారు, రాకెట్లు పట్టుకుని. ఈ మేడ ఇచ్చింది కీర్తిశేషులైన జమీందారుగారు. మంచి మనిషి, మనసున్న మనిషి, కాని దానపత్రంలో ఒక్క వాక్యం రాసి పోయాడు. "పునర్వివాహమునకు ఎదురుచూచు వితంతువు ఒక్కతెయైనను ఇందు కాపురమున్నంతవరకు ఈ మేడ సమాజమునకు చెందును. అట్లెదురుచూచువారు లేని దినమున నా వారసులకు చెందును." వారసులకి బాడ్మింటన్ అంటే ఇష్టం లేదు. మేడలో బియ్యం కొట్టు పెట్టాలని వాళ్ల ఆశ.

నోటీసులు వచ్చాయి. వితంతువులు రాలేదు. సమాజం వాళ్లకి తల ప్రాణం తోకకొచ్చిన సమయంలో, మూడేళ్ల కిందట ఒక సాయంత్రం, పేరిందేవి మూట చంకన పెట్టుకుని పడవ దిగింది. ఏడో ఏట పెళ్లి, తొమ్మిదో ఏట వైధవ్యం, ఆ తర్వాత పదేళ్లు అన్నగారింట్లో చాకిరీ. బెల్లం పొట్లం కట్టిన కాగితం విప్పితే అది సమాజం వారి కరపత్రం. చదువుకుంది, వచ్చేసింది.

సెక్రటరీ ప్లీడరు సోమయాజులు రాకెట్టు పట్టుకునే ఎదురొచ్చాడు. "ఏం కావాలమ్మా?" అన్నాడు.

"పెళ్లి కావాలండి," అంది పేరిందేవి.

అప్పటికి పదకొండేళ్ల చరిత్రలో సమాజాన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. పంతులుగారు ఉన్నచోటనే కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగారు. ఆ తర్వాత తేరుకుని ఆమెకి దండ వేశారు, మేడ మీద తూర్పు గది ఇచ్చారు.

అప్పటి నుంచి పేరిందేవి ఉద్యోగం ఎదురుచూడటం. ప్రతి నెలా ఒకటో తారీఖున వారసుల తరఫు ఏజంటు జగ్గన్న వచ్చి, మెట్ల కింద నిలబడి, "ఎదురుచూస్తున్నారా అమ్మా?" అని అడిగేవాడు. ఆమె పైనుంచి, "చూస్తున్నానండి," అనేది. అతను ఉసూరుమంటూ నోటు పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయేవాడు.

పెళ్లికొడుకులు రాలేదా అంటే వచ్చారు. మొదటివాడు డ్రాయింగు మాస్టారు. అతనికి తల్లి ఉంది గనక అత్తగారి ఆరళ్లు తప్పవని కమిటీ అతన్ని తోసిపుచ్చింది. రెండోవాడు పోస్టాఫీసులో గుమాస్తా. అతనికి తల్లి లేదు గనక కోడలిని ఆదరించే పెద్దదిక్కు లేదని అతన్నీ తోసిపుచ్చింది. మూడోవాడు వచ్చేసరికి సమాజం వరులకి పరీక్ష పెట్టింది. సంఘసంస్కరణ చరిత్ర మీద మూడు గంటల రాతపరీక్ష. నూటికి తొంభై వస్తేనే ప్యాసు. పేపర్లు దిద్దేది హైస్కూలు పండితుడు అప్పలాచార్యులు. ఆయన చేతి కింద హైస్కూల్లోనే ఏ కుర్రాడికీ నలభై దాటలేదు. మూడోవాడికి పదకొండు వచ్చాయి, వెళ్లిపోయాడు.

నిబంధనల ప్రకారం, తనకు సంబంధించిన తీర్మానాలు ఆశ్రితురాలికి చదివి వినిపించాలి. ఆ పని గుమాస్తాది. అలా మూడేళ్లుగా భీమశంకరం మేడ మీద వరండాలో కూర్చుని తీర్మానాలు చదవడం, గుమ్మంలో కూర్చుని పేరిందేవి పమిట అడ్డం పెట్టుకుని నవ్వడం జరుగుతూ వచ్చింది. మొదట్లో ఆమె నవ్వుకి అతను నొచ్చుకున్నాడు. తర్వాత తర్వాత ఆమె నవ్వే చోట్లు వచ్చేదాకా చదవడానికి తొందరపడేవాడు. చివరికి ఆమె నవ్వని రోజున అతనికి అన్నం సయించేది కాదు. ఇంతకంటే ఏం చెప్పమంటారు?

ఒకనాడు ఆమే అడిగింది. "శంకరంగారూ, మీరెందుకు దరఖాస్తు పెట్టుకోరు?"

"నేనా? నేను గుమాస్తానండీ."

"గుమాస్తాలు పెళ్లి చేసుకోకూడదని తీర్మానం ఉందా?"

లేదు. మూడు వందల పదహారూ అతనికి కంఠతా వచ్చు.

మర్నాడు భీమశంకరం దరఖాస్తు రాసుకున్నాడు. తన దరఖాస్తు తానే అందుకున్నాడు, దాని మీద నంబరు వేశాడు, ముట్టినట్టు రసీదు రాసి తనకు తానే ఇచ్చుకున్నాడు. ఆదివారం కమిటీలో తానే నిలబడి చదివాడు.

కమిటీ నోరు వెళ్లబెట్టింది. అందరూ దానపత్రాన్నే తలుచుకుంటున్నారని ముఖాలు చూస్తేనే తెలిసిపోతోంది.

సోమయాజులు గొంతు సవరించుకున్నాడు. "చట్టదృష్ట్యా చూడవలసి ఉన్నది. వితంతువు వివాహమాడిన మరుక్షణము ఎదురుచూచుట అను క్రియ సమాప్తమగును. క్రియ సమాప్తమైనచో మేడ పోవును. మేడ లేనిదే సమాజము లేదు. సమాజము లేనిదే పునర్వివాహము లేదు. కావున పునర్వివాహోద్యమము నిలువవలెనన్న ఈ పునర్వివాహము జరుగరాదు."

"భేష్!" అన్నాడు అప్పలాచార్యులు.

పంతులుగారు భీమశంకరం వైపు జాలిగా చూశారు. "అబ్బాయీ, మనమెల్లరము పెండ్లిని కోరువారమే. కాని పెండ్లి అయిపోవుటను కోరువారము కాము. వ్యక్తి గొప్పవాడా, ఉద్యమము గొప్పదా, నీవే చెప్పుము."

"ఆవిడ పెళ్లి కోసమే వచ్చారు కదండీ," అన్నాడు భీమశంకరం.

"అందులకే కదా ఆమెను ఇంత జాగ్రత్తగా కాపాడుచున్నాము!"

చివరికి అతన్నీ పరీక్షకి కూర్చోబెట్టారు. సమాజం తీర్మానాలన్నీ కంఠతా పట్టినవాడికి అదొక పరీక్షా? నూటికి నూరు వచ్చాయి. అప్పలాచార్యులు పేపరు రెండుసార్లు దిద్దాడు, మూడుసార్లు కూడాడు, నూరే వచ్చాయి. అప్పుడు ఆయన, "నూటికి నూరు వచ్చినవాడికి ఇంక నేర్చుకునేది ఏముంది? అహంకారం తప్ప," అని కాగితం మీద రాసి పెట్టాడు. కాని ఫెయిలు చేయడానికి ఆ వాక్యం చాలదని ప్లీడరుగారే విచారంగా ఒప్పుకున్నారు.

అప్పుడు పంతులుగారికి ఒక ఉపాయం తట్టింది. ఈవిడ వెళ్లిపోయినా ఇంకొకావిడ ఉంటే మేడకి ఢోకా లేదు కదా! మూడు వందల పదిహేడో తీర్మానం ఏకగ్రీవంగా ప్యాసయింది. "రెండవ వితంతువు, ఏ యింటిదైనను, ఏ కులముదైనను, స్వయముగా వచ్చి మేడలో కాలిడి, ఎదురుచూచుచున్నానని పలికిన తక్షణమే శ్రీమతి పేరిందేవి వివాహమునకు సమాజము అనుమతినిచ్చి, పురోహితునకు ఉత్తరము వ్రాయును." పంతులుగారు కింద పెద్ద సంతకం చేశారు. ఈ పెళ్లిళ్లు చేయించే పురోహితుడు జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు, అతను సమాజం ఉత్తరం లేనిదే కదలడు. భీమశంకరానికి కొండంత ఆశ కలిగింది.

కమిటీ హార్మోనియం పడవలో పెట్టుకుని వితంతువు కోసం కాలవ వెంట బయల్దేరింది. వారం రోజులు కాలికి బలపం కట్టుకుని తిరిగారు. వీళ్లు ఒక ఊళ్లో దిగుతున్నారంటే ముందే కబురు అందేది, తలుపులు ధనధనా పడేవి. ఒకచోట ఒక పెద్దావిడ అరుగు మీద దొరికింది.

"అమ్మా, మీ ఇంట్లో వితంతువులు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు పంతులుగారు.

"అదేం మాటండీ! మా మగాళ్లంతా గుండ్రాళ్లలా ఉన్నారు."

"అయ్యో, పాపం!" అన్నారు పంతులుగారు, సమాజం బెంగలో ఉండి.

ఆవిడ చీపురు తీసుకుంది. పడవ ఎక్కేటప్పుడు తొందరలో హార్మోనియం కాలవలో పడిపోయింది. భీమశంకరం తీర్మానాల పుస్తకం తడవకుండా నెత్తిన పెట్టుకుని నడుములోతు నీళ్లలో నడిచి వచ్చాడు.

తిరిగొచ్చిన కమిటీ మరో తీర్మానం చేసింది. రెండో వితంతువు దొరకదు గనక ఉన్న వితంతువునే శాశ్వతం చేయాలి. వచ్చే ఆదివారం పదిహేనో వార్షికోత్సవంలో పేరిందేవికి 'నిరీక్షణ శిరోమణి' అన్న బిరుదు, శాలువా ఇవ్వాలి. ఆమె యావజ్జీవం పునర్వివాహానికి ఎదురుచూస్తూనే ఉంటానని సభాముఖంగా ప్రమాణం చేయాలి. ఒకటో తారీఖు కూడా అదే ఆదివారం పడింది, ఏజంటు జగ్గన్నని కూడా పిలవాలి.

భీమశంకరం ఆ తీర్మానం చదువుతుంటే పేరిందేవి నవ్వలేదు.

"ప్రమాణం చేయనంటే?"

"చేయకపోతే ఎదురుచూడటం మానేసినట్టట. గది ఖాళీ చేసి మీ అన్నగారింటికి పంపేస్తారు. ప్లీడరుగారు అప్పుడే కార్డు రాసి పెట్టారు." అతను పుస్తకం మూసేశాడు. "ఎటైనా వెళ్లిపోదామండీ. పడవ మాట్లాడతాను."

"వెళ్లిపోతే లేచిపోయిందంటారు. నేను నలుగురిలో పెళ్లి చేసుకుందామని వచ్చాను శంకరంగారూ, దొంగతనంగా పోవడానికి కాదు." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆ పాత పుస్తకాలు ఇలా ఇవ్వండి. ఈ మనుషుల తీర్మానాలన్నీ నేనే ఒకసారి చదువుతాను."

రెండు రోజులు చదివింది. గురువారం మధ్యాహ్నం మూడో సంవత్సరపు పుస్తకం తెరిచి అతని ముందు పెట్టింది. అందులో ఇలా ఉంది: "అధ్యక్షులవారి అల్లుడు విషజ్వరముచే పరమపదించినందులకు సమాజము ప్రగాఢ సంతాపము తెలుపుచున్నది. పిదప అజెండాలోని రెండవ అంశము, అనగా వితంతువుల కొరత, చర్చింపబడినది."

"మీకు మజ్జిగ ఇచ్చే ఆవిడ ఎవరు?" అని అడిగింది పేరిందేవి.

"పంతులుగారి అమ్మాయి. భ్రమరాంబగారని విన్నాను."

"ఒక్కతే అమ్మాయా?"

భీమశంకరం పుస్తకం దగ్గరికి లాక్కుని తారీఖు చూశాడు. ఐదేళ్లు! ఐదేళ్లు ఆ గుమ్మంలో కూర్చుని, తాగిన గ్లాసు కింద పెట్టి, వితంతువుల కొరత మీద సంతకం పెట్టించుకుని వచ్చాడు. కాలవ వెంట ఊరూరూ తిరిగాడు. ఆ తలుపు వెనక ఎవరున్నారో ఒక్కనాడూ ఆలోచించలేదు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

"రేపు శుక్రవారం పుస్తకం నేను తీసుకెళ్తాను," అంది పేరిందేవి.

తీసుకెళ్లింది. తలుపు వెనక ఆడవాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో అతనికి తెలియదు. సాయంత్రం తిరిగొచ్చి ఆమె చెప్పింది ఒక్కటే. "మజ్జిగలో అల్లం బాగా వేస్తారు ఆవిడ." అధ్యక్షులవారి ఉపన్యాసం కాగితాలు మాత్రం పట్టుకొచ్చింది. భీమశంకరం తిరగేసి చూశాడు. అవే గుండ్రని అక్షరాలు. చివరి పేజీలో ఏటా వచ్చే ఆ వాక్యం ఈసారి లేదు. దాని పక్కన ఉండే సూచన కూడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మేడ కింద హాలు కిటకిటలాడింది. వేదిక మీద తెల్లచీరతో పేరిందేవి, ఆమె పక్కన పళ్లెంలో శాలువా. ముందు వరసలో ఏజంటు జగ్గన్న. బల్ల దగ్గర భీమశంకరం కలం పట్టుకుని కూర్చున్నాడు. మూడేళ్ల తన ఎదురుచూపు ఇవాళ ఈ గంటతో ఎటో ఒకటి తేలిపోతుందని కలం మళ్లీ మళ్లీ సిరాలో ముంచుతున్నాడు.

పంతులుగారు గంటసేపు మాట్లాడారు. ఆగవలసిన చోట ఆగారు, గొంతు పెంచవలసిన చోట పెంచారు. చివరి పేజీ తిప్పేసరికి ఉపన్యాసం అకస్మాత్తుగా అయిపోయింది. ఆయన కాగితం వెనక్కి తిప్పి చూసుకున్నారు. అటుపక్క ఖాళీ.

"ఇప్పుడు శ్రీమతి పేరిందేవి ప్రమాణము చేయును," అన్నాడు సోమయాజులు తొందరగా.

పేరిందేవి లేచింది. "చేస్తానండి. కాని మూడు వందల పదిహేడో తీర్మానం ఇంకా రద్దు కాలేదు. ముందు అది చూడండి," అని గుమ్మం వైపు చూసింది.

అందరూ అటు తిరిగారు. నెత్తి మీద ముసుగు, చేతిలో చిన్న మూటతో ఒకామె మెట్లెక్కి వస్తోంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. గడప దాటి లోపల కాలుపెట్టింది. ఊళ్లో చాలామంది ఆమెని చూసి పదకొండేళ్లయింది, అందుకని వెంటనే పోల్చుకోలేకపోయారు. పంతులుగారు పోల్చుకున్నారు.

"భ్రమరా! నువ్విక్కడికి ఎందుకొచ్చావు? ఇంటికి పద!"

"ఏ ఇంటిదైనా సరేనని మీరే సంతకం పెట్టారు కదండీ, నాన్నగారూ."

"అది ఊరివాళ్ల కోసం రాసింది!"

ఏజంటు జగ్గన్న అలవాటు ప్రకారం లేచి నిలబడి నోటు పుస్తకం తీశాడు. "ఎదురుచూస్తున్నారా అమ్మా?" అన్నాడు.

"చూస్తున్నానండి. పదకొండేళ్లుగా."

జగ్గన్న రాసుకున్నాడు. సోమయాజులు పంతులుగారి చెవి దగ్గర చేరి చల్లగా చెప్పాడు. "తీర్మానం ప్రకారం పేరిందేవికి అనుమతి వచ్చేసినట్టే. ఇప్పుడు అమ్మాయిగారిని కాదంటే మేడ పోతుందండీ, చట్టదృష్ట్యా." పంతులుగారు మేడని చూశారు, కూతుర్ని చూశారు. ఆ రెండింటినీ ఒకేచోట ఆయన ఇంతవరకూ చూసి ఎరగరు.

భ్రమరాంబ వేదిక దగ్గరికి వచ్చింది. గొంతు పెద్దది కాదు గాని హాలంతా వినిపించింది. "మీ ఉపన్యాసాలన్నీ నేనే రాసిచ్చాను నాన్నగారూ. మీరు చెప్పేవారు, నేను రాసేదాన్ని. చివరి వాక్యం మాత్రం మీరు చెప్పింది కాదు. నేను చేర్చాను, పదకొండేళ్ల కింద. బాగుందే అని ఏటా చదివారు. ఎవరి బిడ్డ, ఎవరి బిడ్డ అని మీరు సభలో అడుగుతుంటే, ఒక్కసారైనా ఇంటికొచ్చి జవాబు చెబుతారేమోనని చూశాను."

అప్పలాచార్యులు నేలకేసి చూస్తున్నాడు. ఆయన ఇంట్లోనూ ఒక చెల్లెలు ఉంది. కమిటీలో ఒక్కొక్కరికీ ఎవరి పెరటి గది వాళ్లకి గుర్తొచ్చింది. ఈవిడ పెళ్లి అయినా, ఆ తర్వాత ఇంకొకావిడ పెళ్లి అయినా, మేడకి ఇంకో నలభై ఏళ్లు ఢోకా లేదని సోమయాజులు కూడా లెక్క వేసుకోగలిగాడు, కాని ఆ మాట పైకి అనలేదు.

పంతులుగారు మాట్లాడబోయారు. అలవాటుగా చేతిలోకి చూసుకున్నారు. జీవితంలో మొదటిసారి ఆయన చేతిలో కాగితం లేదు. కూతురు ఒక అడుగు దగ్గరికి వచ్చి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"నాన్నగారూ, ఇక్కడ రుమాలు."

ఆయన జేబు తడుముకున్నారు. ఏటా ఆ జేబులో రుమాలు పెట్టేది కూతురే, ఈసారి పెట్టలేదు. ఉత్తరీయం అంచు ముఖానికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయారు. చాలాసేపటికి అలాగే కూర్చుని, తల ఎత్తకుండానే, పురోహితుడికి ఉత్తరం మీద సంతకం పెట్టారు. సంతకం వంకరపోయింది.

పేరిందేవి శాలువా తీసి భ్రమరాంబ భుజాల మీద కప్పింది. తూర్పు గది తాళంచెవి కూడా ఆమె చేతికే ఇచ్చింది.

ఆ సభ వివరాలన్నీ భీమశంకరం ఆ సాయంత్రమే పుస్తకంలోకి ఎక్కించాడు. ఎవరు ఏం మాట్లాడారో, ఏజంటు ఏం అడిగాడో, ఉత్తరం ఎన్ని గంటలకి సంతకమైందో, అన్నీ రాశాడు. అధ్యక్షులవారి కన్నీటి గురించి ఐదేళ్లుగా ఏటా రాస్తూ వచ్చిన ఆ ఒక్క వాక్యం మాత్రం ఈసారి రాయలేకపోయాడు.